బోర్డు ఒకరిది, సంజాయిషీ ఒకరిదా?

రాజమహేంద్రవరం తాడితోటలోని టోకు వస్త్ర దుకాణాలలో బేరమాడేవారిని గమనించారా? బట్టను వేళ్ళ మధ్య నలిపి చూస్తారు, వెలుతురుకెత్తి నేత చూస్తారు, రంగు నిలుస్తుందా అని అడుగుతారు. నేటి ఫ్యాషన్ ప్రకటనలలో ఈ ప్రశ్నలకు తావెక్కడ?

1995లో వచ్చిన టఫ్ బూట్ల ప్రకటనలో మిలింద్ సోమన్, మధు సప్రేల ఒంటిమీద బూట్లు, ఒక కొండచిలువ తప్ప మరేమీ లేవు. ముంబయిలో కేసు నడిచి, 14 సంవత్సరాల తరువాత, 2009లో, వారు నిర్దోషులని తేలింది. ఆ బూటు మన్నిక ఏపాటిదో మాత్రం ఎవరికీ పట్టలేదు!

స్త్రీల అసభ్య చిత్రణను నిషేధిస్తూ 1986లో ఒక చట్టం వచ్చింది. మొదటి నేరానికి రెండేళ్ళ వరకు జైలు, 2,000 రూపాయల వరకు జరిమానా. పెద్ద వ్యాపారికి రెండువేలు ఒక లెక్కా? అయినా అందులో ఒక న్యాయమున్నది. అది నిలదీసేది ప్రకటనను ప్రచురించినవారిని. మరి మనం నిలదీసేది ఎవరిని? కూడలిలో అసభ్యమైన బోర్డు లేవగానే ఇంట్లో ఆడపిల్ల దుస్తులపై విచారణ మొదలవుతుంది. బురఖా వేసుకొనే సోదరికీ, చుడీదారు వేసుకొనే సోదరికీ ఈ సంజాయిషీ తప్పడం లేదు. బోర్డు మాత్రం చెక్కుచెదరదు.

కమిటీ పెద్దలకు ఒక మనవి. విద్యార్థినుల దుస్తులపై నియమాలు ఆలోచించే ముందు, అట్టి బోర్డు పెట్టిన వ్యాపారికి కళాశాల పేర ఒక ఉత్తరం వ్రాయండి. సంతకాలకు మేము సిద్ధముగా ఉన్నాము.