కాలికిచ్చారు, మాత్రకివ్వలేదు

తిరుమంగళంలో ఇరవై ఏళ్లుగా ఆరోగ్య బీమా కట్టిస్తున్నాను. మాకు ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం. పాలసీ కాగితం మాత్రం ఇంగ్లీషులో వస్తుంది. దాన్ని చదివి చెప్పడం నా పని.

మా వీధి కుర్రాడు మదురై రోడ్డులో బండి మీంచి పడి తొడ ఎముక విరగ్గొట్టుకున్నాడు. ఆపరేషన్‌కు కంపెనీ 1,40,000 రూపాయలు ఇచ్చింది. నొప్పికి ట్రమడాల్ రాశారు, అది నల్లమందు జాతి మాత్ర. ఎముక అతుక్కుంది గానీ మాత్ర మానలేకపోయాడు. చీటీ గడువు తీరాక అలాంటిదే టాపెంటడాల్ మాత్ర వెతుక్కున్నాడు. మాత్ర అందని పూట కళ్లూ ముక్కూ కారిపోయేవి, కాళ్లు లాగేస్తున్నాయని గోడకేసి తన్నుకునేవాడు. ప్రైవేటు ఆసుపత్రిలో పద్నాలుగు రోజులుంచితే 62,000 అయింది. క్లెయిం పెట్టాను. ‘ఎక్స్‌క్లూజన్ 12’ అని తిప్పి పంపారు.

వాళ్లమ్మ ఆ ఉత్తరం నా చేతిలో పెట్టింది. చెవులకు కమ్మలు లేవు, వేపపుల్లలున్నాయి. “అన్నా, కాలు బాగుచేసిన డాక్టరే కదా ఆ మాత్రా ఇచ్చింది? కాలికి దుడ్డిచ్చినోళ్లు దీనికెందుకియ్యరు?”

ఆమె అడిగినదాంట్లో తప్పేముంది? 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మానసిక వ్యాధి నిర్వచనంలోనే మద్యం, మత్తుమందుల వల్ల వచ్చే మానసిక స్థితులను చేర్చింది. శరీర వ్యాధికి బీమా ఎలా ఇస్తారో మానసిక వ్యాధికీ అలాగే ఇవ్వాలని 21వ సెక్షన్ చెబుతోంది. అయినా బీమా నియంత్రణ సంస్థ 2019లో ఖరారు చేసిన ప్రామాణిక మినహాయింపుల్లో వ్యసన చికిత్స ఉంది. దాని సంఖ్యే పన్నెండు. ఆ సంస్థ ఉన్నది హైదరాబాద్‌లో. అందుకే ఈ మాట తెలుగులో రాస్తున్నాను.

చేజేతులా తెచ్చుకున్న జబ్బుకు ఎందుకివ్వాలంటారు. తీపి మానని చక్కెర రోగి పాదానికి ఇస్తున్నారు, బీడీ మానని వాడి గుండెకూ ఇస్తున్నారు. అలాగని డాక్టరు చీటీతో మొదలైన వాళ్లకే ఇవ్వండని నేననను. సావాసంతో పడ్డవాడికీ బాధ అదే. 2019 జాతీయ సర్వే లెక్కలో నల్లమందు జాతి మత్తులు వాడేవాళ్లు దేశంలో 2 కోట్లకు పైనే.

మినహాయింపు తీసేస్తే సరిపోదు కూడా. ఈ జబ్బుకు బ్యుప్రెనార్ఫిన్ లాంటి మందు నెలలూ ఏళ్లూ వాడాల్సి రావచ్చు, అదీ ఇంటి నుంచి వచ్చిపోతూ. మామూలు పాలసీ చూసేది మంచమెక్కిన రోజులనే. అవుట్ పేషెంట్ ఖర్చునూ అందులో చేర్చాలి.

ఇప్పుడు కుర్రాడు మదురై రాజాజీ పెద్దాసుపత్రికి పోతున్నాడు. అక్కడ డబ్బడగరు. కానీ వెళ్లిన రోజు తను పనిచేసే లేత్ వర్క్‌షాపులో కూలి రాదు. బస్సులో పక్కన వాళ్లమ్మ కూర్చుంటుంది, ఆమెదీ ఒక రోజు కూలి పోతుంది. ఎవరింట్లోనైనా ఇలాంటి బిడ్డ ఉంటే 14446కు ఫోన్ చేయండి, ఉచితం.

2025 సెప్టెంబరులో వ్యక్తిగత ఆరోగ్య బీమా మీద 18 శాతం జీఎస్టీ ఎత్తేశారు. ఇల్లిల్లూ తిరిగి సంతోషంగా చెప్పాను, ఆ కుర్రాడి ఇంట్లో తప్ప. వచ్చే నెల పన్నెండున వాళ్ల ప్రీమియం కట్టాలి. కాలిలో ఇంకా రాడ్ ఉంది, పాలసీ ఆపొద్దనే చెప్పాలి. ఆమె మళ్లీ అదే అడుగుతుంది.