‘కైకు’కి మన ఇళ్లలో జాగా ఉందా?

‘పిల్లల్ని వాళ్ల షౌక్‌కి వదిలేస్తే ఆవారా అయిపోతారు ఆపా!’ పిల్లల చదువు గురించి ఎక్కడ మాట్లాడినా ఈ మాట తప్పకుండా వస్తుంది. దావత్‌లో దస్తర్‌ఖాన్ ముందు కూర్చున్నా వస్తుంది, బడి గేటు దగ్గర నిలబడ్డా వస్తుంది. పిల్లలు దేని గురించి తెలుసుకోవాలో ఇంట్లో కొంతసేపైనా వాళ్లనే తేల్చుకోనిద్దాం అంటే, మనవాళ్లకి అది రెండు రకాలుగా వినపడుతుంది. ఒకటి, లాపర్వాయీ. రెండోది, అమీర్ లోగోం కా షౌక్. అంటే చెక్క బొమ్మలు, ఖరీదైన కిట్లు, పిల్లల కోసం వేరే గది.

నా రాయ్ వేరు. ఇది లాపర్వాయీ కాదు, అమీరీ అసలే కాదు. పెద్దవాళ్లు మెహనత్ చేయాల్సిన పని. పైసల కన్నా సబర్ ఎక్కువ అడిగే పని.

మనకి తాలీమ్, తర్బియత్ అని రెండు మాటలున్నాయి. రెండూ కలిపే వాడతాం గానీ రెండూ ఒకటి కాదు. తాలీమ్ అంటే ఇల్మ్ అందించడం. తర్బియత్ మాట మూలంలో పెంచడం, ఎదగనివ్వడం ఉంది. మొక్కని పెంచేవాడు నీళ్లు పోస్తాడు, ఎండ తగిలేలా చూస్తాడు, మేకలు రాకుండా కంచె కడతాడు. రోజూ పీకి వేరు ఎంత దిగిందో చూడడు. మనం పిల్లల దగ్గర చేస్తున్నది ఆ పీకి చూడటమే. బడి నుంచి రాగానే ‘ఈరోజు ఏం చెప్పారు? అప్పజెప్పు’ అంటాం. పిల్ల చీమల్ని చూస్తుంటే ‘చీమ స్పెల్లింగ్ చెప్పు’ అంటాం. అంతే, చీమ పోతుంది, పరీక్ష మిగులుతుంది.

కొంచెం హిసాబ్ చేద్దాం. 2009 విద్యా హక్కు చట్టం ప్రకారం ఒకటి నుంచి ఐదో తరగతి వరకు ఏడాదికి కనీసం 200 పనిదినాలు, 800 బోధన గంటలు ఉండాలి. ఏడాదికి మొత్తం 8,760 గంటలు. పిల్లలు రోజుకి పది గంటలు నిద్రపోతారనుకుంటే 3,650 పోయాయి. బడికి 800 తీసేయండి. ఇంకా 4,310 గంటలున్నాయి. చాలా బడులు ఆ 800 కన్నా ఎక్కువే నడుస్తాయి, ఆటో ప్రయాణం, స్నానం, తిండి కూడా ఉంటాయి, నిజమే. అవన్నీ తీసేసినా ఇంటి వాటా బడి వాటా కన్నా పెద్దదే. ఆ వాటాని కూడా ట్యూషన్‌కి, హోమ్‌వర్క్‌కి రాసిచ్చేస్తే పిల్లల సొంత సవాల్‌కి వక్త్ ఎక్కడుంది?

సొంత సవాల్ అంటే ఏమిటో మా ఇంటి మిసాల్ ఒకటి చెబుతాను. మా చిన్నదానికి తొమ్మిదేళ్లు. 2026లో రంజాన్ ఫిబ్రవరిలోనే మొదలైంది. ‘అమ్మీ, రోజే ఇత్తా జల్దీ కైకు ఆగయే?’ అని అడిగింది. ఉపవాసాలు ఇంత ముందే ఎందుకొచ్చాయని దాని బాధ. జవాబు నా నాలుక చివరే ఉంది, చెప్పలేదు. ‘పోయినేడు ఎప్పుడొచ్చాయో చూడు’ అన్నాను, అంతే. మా అమ్మ పాల లెక్కలు రాసుకోవడం వల్ల ఎన్నో ఏళ్ల గోడ క్యాలెండర్లు పారేయకుండా దాచింది. వాటిని నేల మీద పరిచింది పిల్ల. 2016లో జూన్. తర్వాత మే, ఏప్రిల్, మార్చి, ఇప్పుడు ఫిబ్రవరి. ప్రతి ఏడూ పది, పదకొండు రోజులు వెనక్కి జరుగుతోందని తనే పట్టుకుంది.

ఎందుకు జరుగుతోందన్నది తర్వాతి సవాల్. చాంద్ నెలకి 29 లేదా 30 రోజులు, పన్నెండు నెలలకి సుమారు 354. గళ్ల కాగితం ముక్కలు అంటించి 365 గళ్ల పట్టీ ఒకటి, 354 గళ్ల పట్టీ ఒకటి చేసింది. మిగిలిన పదకొండు గళ్లకీ ఎర్ర రంగు వేసింది. అలా పదకొండేసి జరుగుతూ పోతే మళ్లీ జూన్‌కి ఎప్పుడొస్తుందని కూడుకుంటూ పోయి, 33 ఏళ్ల దగ్గర ఆగింది. దాని నానీ వెంటనే, ‘హౌ, 1983లో కూడా జూన్‌లోనే రోజే. బావిలో నీళ్లు అడుగంటాయి’ అంది. 1983కి 33 కలిపితే 2016. ఆ రోజు పిల్ల మొహంలో కనిపించిన ఖుషీ ఏ ర్యాంకు కార్డూ ఇవ్వలేదు.

ఇక్కడితో ఆగలేదు. పక్కింటి అత్తమ్మ వాళ్ల ఉగాది కూడా చంద్రుణ్ణి బట్టే వస్తుంది కదా, అది మార్చి, ఏప్రిల్ దాటి ఎందుకు జరగదు? ఈ సవాల్ మా ఇంట్లో తీరేది కాదు. పంచాంగం చూపించమని అత్తమ్మ దగ్గరికి వెళ్లింది. ఆవిడ అధిక మాసం సంగతి చెప్పారు. మూడేళ్లలో మిగిలిపోయే 33 రోజులని సుమారుగా ఒక నెల చేసి మధ్యలో కలిపేస్తారన్నమాట. 2020లో అధిక ఆశ్వయుజం, 2023లో అధిక శ్రావణం, 2026లో అధిక జ్యేష్ఠం. ఒకే చాంద్, రెండు హిసాబ్‌లు. ఒకటి ఋతువులన్నీ తిరిగి వస్తుంది, ఇంకోటి వసంతం దగ్గరే నిలబడుతుంది. గణితం, ఖగోళం, పక్కింటితో రిష్తా, మూడూ ఒకే దారంలో వచ్చాయి. మూడు వారాలు పట్టింది. మధ్యలో నాలుగు రోజులు పట్టీల్ని మంచం కింద పడేసి గాలిపటాలు చేసుకుంది. మేం గుర్తు చేయలేదు. తనే మళ్లీ తీసింది.

దీంట్లో పెద్దవాళ్లు ఏం చేశారని అడగొచ్చు. జవాబు దాచుకున్నాం. సామాన్ అందుబాటులో ఉంచాం, అంటే పాత క్యాలెండర్లు, కాగితం, జిగురు. తెలిసిన మనిషి దగ్గరికి వెళ్లనిచ్చాం. నేల మీద పరిచిన కాగితాలు మూడు వారాలు ఊడ్చేయకుండా పక్కకి జరిపి నడిచాం. అన్నిటికన్నా ముష్కిల్ ఆ చివరిదే! దీనివల్ల దానికి ఎక్కాలు రాత్రికి రాత్రి వచ్చేయలేదు. పన్నెండో ఎక్కం ఇంకా తడబడుతుంది, దాన్ని కూర్చోబెట్టి నేర్పాల్సిందే. చదవడం, రాయడం, లెక్కలు అన్నవి షౌక్ పుట్టినప్పుడు చూద్దాంలే అని వదిలేసేవి కావు. షౌక్ పుట్టాక దాని వెంట నడవడానికి కావలసిన చెప్పులు అవి. పిల్ల ముందు నడవడం అంటే పెద్దవాళ్లు పడుకోవడం కాదు.

ఇప్పుడు నా అస్లీ ఫికర్. ఆ పిల్ల ‘కైకు’ అంది. ‘వై’ అనలేదు. మన ఇళ్లలో దఖ్ఖనీ, గల్లీలో తెలుగు, బడిలో ఇంగ్లీషు. ఈమధ్య చాలా ఇళ్లలో ఒక కొత్త ఆదత్ చూస్తున్నాను. బడిలో టీచర్ చెప్పారని అమ్మలు ఇంట్లో కూడా రెండు ముక్కల ఇంగ్లీషే మాట్లాడుతున్నారు. ‘కమ్, ఈట్, సిట్, డోంట్ టచ్.’ హుకుం ఇవ్వడానికి ఆ ఇంగ్లీషు చాలు. సవాల్ అడగడానికి చాలదు. రోజే ఎందుకు జరిగాయని అడిగే పిల్లకి నాలుగు ముక్కల పరాయి భాష ఇస్తే సవాల్ గొంతులోనే ఆగిపోతుంది. ఇంగ్లీషు నేర్పండి, జరూర్ నేర్పండి. అది రేపటి రోటీ. కానీ సోచ్ పుట్టే జుబాన్ తాళం వేసేసి కాదు. ‘కైకు’ అన్న బచ్చాని ‘సే వై’ అని సరిదిద్దే ముందు, అది అడిగిందేమిటో వినండి.

వినడం గురించి మాట వచ్చింది కాబట్టి ఒక కితాబ్ చెబుతాను. జపాన్ రచయిత్రి తెత్సుకో కురొయనాగి తన చిన్నప్పటి బడి మీద రాసిన పుస్తకం తెలుగులో ‘రైలుబడి’గా వచ్చింది. ఒక బడి నుంచి తీసేసిన ఆ పిల్ల కొత్త బడికి వెళితే, హెడ్మాస్టర్ కొబయాషి మొదటి రోజే నాలుగు గంటల పాటు ఆమె చెప్పిందంతా విన్నారు. మనం నాలుగు గంటలు వినక్కర్లేదు. ఫోన్ బోర్లా పెట్టి నాలుగు నిమిషాలు వింటే చాలు.

‘మాది కార్ఖానా ఇల్లు ఆపా, మాకు ఇవన్నీ ఎక్కడ కుదురుతాయి’ అనే వాళ్లతో ఒక మాట. మీ ఇంట్లో ఉన్నంత సామాన్ ఖరీదైన బడుల్లో లేదు. దర్జీ మెడలో టేపుకి ఒక పక్క ఇంచీలు, ఇంకో పక్క సెంటీమీటర్లు. ఒక ఇంచీకి 2.54 అని పిల్ల తనే కొలిచి కనిపెట్టొచ్చు. ఖమీర్ పొంగడంలో, లక్క కరిగి గాజుకి అతుక్కోవడంలో సైన్స్ ఉంది. చేతిపనిని చదువుకి మధ్యలో పెట్టాలన్నది కొత్త ఫ్యాషన్ కాదు. 1897లో హైదరాబాద్‌లో పుట్టి, తర్వాత దేశానికి సదర్ అయిన డాక్టర్ జాకిర్ హుసేన్ నాయకత్వంలోనే 1937లో వార్ధా కమిటీ ‘నయీ తాలీమ్’ పథకం తయారు చేసింది. కానీ అదే కమిటీ ఒక ఖత్రా కూడా ముందే చూసింది. సంపాదన మీద ధ్యాస పెరిగితే చదువు ఉద్దేశం చచ్చిపోతుందని హెచ్చరించింది.

ఆ ఖత్రా మన గల్లీల్లో ఇవాళ్టికీ బతికే ఉంది. బాల కార్మిక చట్టానికి 2016లో చేసిన సవరణ పద్నాలుగేళ్ల లోపు పిల్లల్ని పనిలో పెట్టుకోవడం నిషేధించింది గానీ, బడి వేళల తర్వాత, సెలవుల్లో ఇంటి పనిలో, ప్రమాదం లేని కుటుంబ వృత్తిలో సాయం చేయడానికి వెసులుబాటు ఇచ్చింది. ఆ వెసులుబాటు దర్వాజా లోంచే ‘మా పిల్ల పని నేర్చుకుంటోంది’ అనే బహానా లోపలికొస్తుంది. తేడా పట్టుకోవడం కష్టం కాదు. పిల్ల మధ్యలో వదిలేసి ఆటకి పోగలదా? తప్పుగా అతికించి, ఎందుకు ఊడిందో చూసుకోగలదా? పోగలిగితే, చూసుకోగలిగితే తాలీమ్. డజన్ల లెక్క, సేట్ ఆర్డరు, రాత్రి పదింటి దాకా వంగిన నడుము ఉంటే మజ్దూరీ. దానికి నేర్చుకోవడం అని పేరు పెట్టడం జుల్మ్.

ఇంకో ఇన్సాఫ్ మాట కూడా చెప్పాలి. ఇంట్లో నేర్చుకోవడం అనగానే ఆ బరువంతా అమ్మీ నెత్తిన పడుతుంది. వంట, బట్టలు, ముసలివాళ్లు, వాటి పైన ఇదొకటా? అబ్బాలు ‘నాకు వక్త్ లేదు’ అని చాయ్ హోటల్లో రెండు గంటలు కూర్చుంటారు. బండి రిపేరు చేసేటప్పుడు పిల్లని పక్కన కూర్చోబెట్టుకుని, స్పానర్ అందుకుంటూ, ‘చైన్ కైకు లూజ్ అవుతుంది’ అని పిల్ల అడిగితే కసరకుండా ఉండటానికి వేరే వక్త్ అక్కర్లేదు. పిల్లలు చూసేది మనం ఏం చెప్పామని కాదు, మనకే తెలియనిది ఎదురైనప్పుడు ఏం చేస్తామని. ‘నాకూ మాలూమ్ నహీ, పద చూద్దాం’ అన్న అబ్బా ఇజ్జత్ తగ్గదు, పెరుగుతుంది.

బడి మాన్పించమని నేను అనడం లేదు. బడి కావాలి, సర్టిఫికెట్ కావాలి, మన పిల్లలకి మరీ కావాలి. అడిగేది ఒక్కటే. రోజుకి ఒక గంట ట్యూషన్‌కీ ఫోన్‌కీ ఇవ్వకుండా పిల్లల చేతిలో పెట్టండి. ఇంట్లో ఒక మూల చెత్త అయినా ఓర్చుకోండి. వాళ్లు అడిగిన సవాల్‌ని వాళ్ల జుబాన్‌లోనే ఒక పాత డైరీలో రాసి పెట్టండి, జవాబు రాయకండి. నెల తర్వాత ఆ పేజీలు వాళ్లకే చదివి వినిపించండి. తర్వాత ఏ దారిన నడవాలో వాళ్లే చూపిస్తారు. సవాల్ వాళ్లది, సాథ్ మనది.