తాపీ పట్టే చేతికే ముందు పెట్టుబడి

పేదల ఇళ్ల మీద చర్చ ఎప్పుడూ డబ్బు చుట్టూనే తిరుగుతుంది. ప్రధానమంత్రి గ్రామీణ ఆవాస్ యోజనలో మైదాన ప్రాంతాలకు 1.20 లక్షలు, తెలంగాణలో ఇందిరమ్మ ఇంటికి 5 లక్షలు. ఆ సొమ్ముతో లేచిన ఇల్లు ఎన్నేళ్లు నిలుస్తుందో తేల్చేది మాత్రం మేస్త్రీ చెయ్యి. మన ఊళ్లలో ఆ చెయ్యి చాలావరకు బడికి వెళ్లి నేర్చుకున్నది కాదు, పక్కవాణ్ని చూసి నేర్చుకున్నది.

కాంక్రీటు సులువుగా పరుచుకోవాలని నీళ్లు ఎక్కువ పోస్తారు. స్లాబు బలం అక్కడే పోతుంది. పీపీసీ (పోర్ట్‌ల్యాండ్ పోజోలానా) సిమెంటుతో పోసిన స్లాబును కనీసం పది రోజులు తడి ఆరకుండా చూడాలి. ఆ నీళ్లు పట్టేది మేస్త్రీ కాదు, ఇంటివాళ్లు. రెండు పూటలా బిందెలు మోసే ఇల్లాలికి ఎందుకు మోస్తున్నదీ ఎవరూ చెప్పరు. శిక్షణ ఆమెకూ అందాలి.

ఇలా నేర్పడం జరగని పనేమీ కాదు. 2001 జనవరి 26 భూకంపం తర్వాత గుజరాత్‌లోని కచ్‌లో సాయాన్ని విడతలుగా ఇంటి యజమానులకే ఇచ్చారు. లింటెల్ మట్టంలో గోడల చుట్టూ కాంక్రీటు బ్యాండు, గోడ మూలల్లో నిలువు కడ్డీలు ఎలా వేయాలో మేస్త్రీలకు నేర్పారు. ఇంజినీరు చూసి సరేనన్నాకే తర్వాతి విడత.

కేరళ ఇంకా ముందే మొదలుపెట్టింది. తక్కువ ఖర్చు కట్టుబడి పద్ధతులు నేర్పే నిర్మితి కేంద్రం 1985లో కొల్లంలో పుట్టింది. అలాంటి పద్ధతుల్లో ఒకటి వాస్తుశిల్పి లారీ బేకర్ ప్రచారం చేసిన ర్యాట్ ట్రాప్ కట్టుబడి. అందులో ఇటుకను అంచు మీద నిలబెట్టి, గోడ మధ్య ఖాళీ వదులుతారు. దాదాపు పాతిక శాతం ఇటుకలు మిగులుతాయి, ఎండ లోపలికి తక్కువగా దిగుతుంది. రామగుండం, రెంటచింతల వేసవి ఎరిగిన మనకు ఇంతకన్నా ఏం కావాలి? కానీ అలవాటు లేని మేస్త్రీ ఆ గోడ కట్టడానికి ఒప్పుకోడు. తప్పు అతనిది కాదు, అతనికి నేర్పనివాళ్లది.

ఆవాస్ యోజనలో 45 రోజుల గ్రామీణ మేస్త్రీ శిక్షణ ఉంది. లబ్ధిదారు ఇల్లు నిజంగా కడుతూనే నేర్పడం దాని గొప్పతనం. అయితే పనికి తగ్గ కూలి దక్కకపోతే అన్ని రోజులు ఎవరు నిలబడతారు? తనిఖీ ఫొటోలకే పరిమితమైతే ఇంకో చిక్కు: స్లాబు పడిందని ఫొటో చెబుతుంది, తడిపారో లేదో చెప్పదు.

ప్రభుత్వాలు శిక్షణ కాలానికి పూర్తి కూలి ఇవ్వాలి. ప్రతి కాలనీలో ఒక ఇంటిని బడిగా మార్చి, ఆడవాళ్లనూ తాపీ పనిలోకి తీసుకోవాలి. ఆ ఖర్చును ఇంటి మంజూరులోనే చేర్చాలి.