పడవకు నూనె ఎందుకు?

కేరళలో పాముపడవల పందెం చూసి వచ్చినవాళ్ళు పాటల గురించీ, నూరుమందికి పైగా ఒక్క తాళానికి వేసే తెడ్ల గురించీ చెబుతారు. నేనడిగేది మాత్రం పడవ పొట్ట గురించి.

2024లో అలప్పుళలో జరిగిన నెహ్రూ ట్రోఫీ పందెంలో కారిచాల్ పడవ వీయపురం పడవను ఓడించిందని ప్రకటించారు. తేడా ఎంతనుకున్నారు? సెకండులో వెయ్యింట అయిదు వంతులు! పడవ వేగాన్నిబట్టి లెక్కవేస్తే సుమారు అంగుళం. నూరడుగులు దాటిన పడవకు అంగుళమంటే ఏనుగు నుదుట బొట్టంత కూడా కాదు.

ఆరన్ములలో పడవలకు చేపనూనె, కొబ్బరిచిప్పలు కాల్చిన బొగ్గుపొడి, కోడిగుడ్ల సొన కలిపి పూస్తారు. జారడానికంటారు. నూనె రాసుకున్న వస్తాదు పట్టుకు దొరకనట్లు పడవ నీటికి దొరకదని మన ఊహ. ఊహ బాగానే ఉన్నది గాని, నీటి సంగతి వేరు. ఎంత నున్నని చెక్కనైనా నీరు ఒక పలుచని పొరగా అంటుకునే ఉంటుంది. నూనెకూ వదలదు, మైనానికీ వదలదు. ఆ పొర పక్క పొరను లాగుతుంది, అది మరోదాన్ని. ఈ లాగుడంతా భరించవలసినవి తెడ్డు వేసేవాడి భుజాలే. సన్నగా, పొడుగ్గా ఉన్న పడవకు అలలు లేపే శ్రమ తక్కువ కనుక, నష్టంలో పెద్దవాటా ఈ రాపిడిదే.

మరి పూత దండగేనా? కాదు. విలియం ఫ్రూడ్ అనే ఇంగ్లీషు ఇంజనీరు 1870 తరువాత టార్కీలో పొడుగాటి నీటితొట్టి కట్టించి, అందులో పలకలను లాగి చూశాడు. వార్నీషు పూసిన పలకకన్న ఇసుక అంటించిన పలకకు ఇంచుమించు రెట్టింపు బలం కావలసివచ్చింది. గరుకు ఆ పలుచని పొరను దాటి పొడుచుకువస్తే నీరు సుడులు తిరుగుతుంది మరి. పూత చెక్క నెరియలను పూడుస్తుంది. కర్ర నీరు తాగి బరువెక్కకుండా కాస్తుంది. గరుకు ఆ పొరలో మునిగిపోయాక ఇంకా అద్దంలా తోమినందువల్ల వేగం పెరగదు. (గిన్నెలకూ ఇదే సూత్రమా అని మా ఇంట్లో అడిగారు. కాదన్నాను.)

లాగుడు నూటికి మూడు వంతులు తగ్గితే, అదే భుజబలంతో వేగం నూటికి ఒకటి పెరుగుతుంది. వెయ్యి మీటర్ల దూరానికి అది పది మీటర్లు! ఆరన్ములవాళ్ళు పందాలు లేని రోజులలో పడవలను నీటిలో వదిలెయ్యక, పాకల్లో భద్రంగా ఎందుకుంచుతారో ఇప్పుడు తెలిసింది కదా. నాచు పట్టిన పొట్టకు గుడ్లసొన ఎంత పూసి ఏం లాభం?