పళ్లెంలో పసుపు నీళ్లు

విశాఖ చుట్టుపక్కల కళ్లు పచ్చబడితే చాలామందికి రక్తపరీక్ష కంటే ముందు గుర్తొచ్చేది పసరు మందు. పరగడుపున పోయించుకోవాలి, ఉప్పూ నూనే మానేసి పథ్యం చేయాలి. కొన్నిచోట్ల మందుకు ముందు చేతులు కడిగే తంతు కూడా ఉంటుంది. సున్నపు తేట పోస్తూ రోగి అరచేతులు రుద్దుతుంటే పళ్లెంలోకి పసుపు నీళ్లు దిగుతాయి. "చూశావా, కామెర్లు ఎలా దిగుతున్నాయో!" చుట్టూ ఉన్నవాళ్లు దండం పెడతారు. రుద్దేవాడి చేతికి ముందే మామిడి బెరడు రసం పూసి ఉంటుంది. సున్నం తగలగానే అది పసుపెక్కుతుంది. ఏ రోగమూ లేనివాడి చేతులు కడిగినా నీళ్లు అంతే పచ్చగా దిగుతాయి.

మరి నయమైనవాళ్ల మాటేమిటి? నయమైంది నిజమే. కలుషితమైన నీటితో వచ్చే హెపటైటిస్ ఎ, ఇ చాలామందిలో కొన్ని వారాలకు వాటంతటవే తగ్గుతాయి. పాటుపడేది ఒళ్లు, పేరు ఆకుకి. అదే హెపటైటిస్ ఇ నిండు గర్భిణికి సోకితే ప్రాణం మీదికొస్తుంది.

ఆకుల్లో పసే లేదని కొట్టిపారేయనక్కర్లేదు. హెపటైటిస్ బి వైరస్‌ను కనిపెట్టి నోబెల్ అందుకున్న బ్లంబర్గే, కామెర్లకు పసరుగా వాడే నేల ఉసిరిని పట్టించుకున్నాడు. మద్రాసు పరిశోధకులతో కలిసి 1988లో లాన్సెట్‌లో ప్రచురించిన ఫలితాల్లో, ఆ మందు వాడిన 37 మందిలో 22 మంది రక్తంలో వైరస్ జాడ మాయమైంది. థాయ్‌లాండ్‌లో మళ్లీ పరీక్షిస్తే ఆ ఫలితం నిలవలేదు. నోబెల్ గ్రహీత మాటకే తిరుగు తూకం తప్పలేదు. వీధి చివర పసరు పోసేవాణ్ణి అడిగేదెవరు?

"చెట్టు మందేగా, హాని చెయ్యదు" అంటారు. గన్నేరు పప్పూ చెట్టుకు కాసిందే. కరోనా కాలంలో ఇమ్యూనిటీ కోసం ఇంటింటా తిప్పతీగ కాచారు. 2020 చివర్లో ముంబైలో అది వాడిన ఆరుగురిలో కాలేయం దెబ్బతిన్నట్టు వైద్యులు నివేదించారు. ఆయుష్ శాఖ ఒప్పుకోలేదు. చైనావాళ్లు జుట్టు నెరవకుండా తినే హషౌవు వేరు మీద బ్రిటన్ ఔషధ నియంత్రణ సంస్థ 2006లోనే కాలేయానికి ముప్పని హెచ్చరిక జారీ చేసింది. అసలే కాలేయ జబ్బు ఉన్నవాళ్లకు ఇలాంటి దెబ్బ తట్టుకునే ఓపిక తక్కువ.

విశాఖ ఉక్కు కర్మాగారంలో ప్రతి పోతకూ నమూనా తీసి కార్బనెంతో, గంధకమెంతో చూస్తారు. అక్కడ డ్యూటీ దిగొచ్చిన మనిషి గ్లాసుడు పసరులో ఏముందో అడక్కుండానే గుటకేస్తాడు.

కళ్లు పచ్చబడితే ముందు విశాఖ కేజీహెచ్ (కింగ్ జార్జ్ ఆసుపత్రి)లోనో, దగ్గర్లోని ప్రభుత్వాసుపత్రిలోనో బిలిరుబిన్ పరీక్ష చేయించండి. పసరు ఇప్పటికే తాగి ఉంటే డాక్టరు దగ్గర దాచకండి. ఆకు పేరు తెలియకపోతే మిగిలిన ముద్దనే పొట్లం కట్టి తీసుకెళ్లండి.