బరువెక్కిన తెలుగు పుటలు

సరోజినీ నాయుడుగారి పేర వెలసిన ఢిల్లీ సరోజినీ నగర్‌లో, ఎగుమతికి పోగా మిగిలిన దుస్తులకై జనులు క్రిక్కిరిసి, నెట్టు మందగించిన అంగడి నడుమ నిలిచి, చేతిఫోనులో తెలుగు వెబ్‌సైటు నొకదానిని తెఱవజూచు వానికి మన పుటల బరువు తెలియవచ్చును. అక్షరములను కంప్యూటరులో దాచు యూటీఎఫ్-8 పద్ధతిలో ఆంగ్లాక్షరమునకు 1 బైటు చాలగా, తెలుగున ‘క’కు 3, ‘కి’కి 6, ‘క్ష’కు 9 బైట్లు పట్టును; కాని సర్వరులో జిజిప్ సంపీడనమును అమర్చినచో ఈ భారము చాలవఱకు తగ్గును.

ఆ భారమునే మఱింత తగ్గించుటకు 2010లో గూగుల్ వెలువరించిన మాడ్-పేజ్‌స్పీడ్ అను మాడ్యూలు, అపాచీ సర్వరులో చేరి, మూలపత్రములను ముట్టకయే, బొమ్మలను కుదించి, నిరర్థకములైన ఖాళీలను తొలగించి, పుటల రూపమును దిద్దు విడివిడి సీఎస్‌ఎస్ ఫైళ్ళను ఒక్కటిగా కూర్చి పాఠకునికి పంపుచుండెడిది. ఇది మేలైన సాధనమే. కాని ప్రభుత్వ పుటలలో నాయకుల నిలువెత్తు ఛాయాచిత్రములను ముఖపుటపై యథాతథముగా నెక్కించి (ఈ మోజు మనకు మిక్కుటము), పిదప మాడ్యూలే సర్వము సవరించునని కూర్చుండుట సోమరితనము. ఆ మాడ్యూలుకు నేడు పోషకులును లేరు. కావున ప్రభుత్వ కార్యాలయములవారు మొదట బొమ్మలను కుదించి, జిజిప్‌ను అమర్చి, తమ పుటను చవుక ఫోనులో తామే తెఱచి చూడవలెనని మనవి.