మ్యాచ్ ఎన్నింటికి? లెక్క మీరే వేయండి

జూన్ 11న ఫుట్‌బాల్ ప్రపంచకప్ మొదలవుతోంది. అమెరికా, కెనడా, మెక్సికోల్లో 16 నగరాలు, 48 జట్లు, 104 మ్యాచ్‌లు. జూలై 19 దాకా 39 రోజుల పండగ. పలాసలోనో, టెక్కలి హాస్టల్లోనో, కవిటి కొబ్బరితోటల పక్కనో కూర్చుని టీవీ చూసేవాళ్లకి మాత్రం ఇది జాగారమే. ఎందుకంటే అక్కడి మధ్యాహ్నం మనకి అర్ధరాత్రి. తొలి మ్యాచ్ మెక్సికో సిటీలో 11వ తేదీ మధ్యాహ్నం 1 గంటకి. మన గడియారంలో అది 12వ తేదీ రాత్రి 12:30. ఇప్పుడు చెప్పండి, మనం మేలుకోవాల్సింది 11 రాత్రా, 12 రాత్రా?

ఒక్క క్షణం తడబడ్డారా? అయితే ఈ నాలుగు మాటలూ మీకోసమే.

2014లో నేను పది పాసై ఇంటర్‌లో చేరాను. బ్రెజిల్‌లో ప్రపంచకప్ జరుగుతోంది. బ్రెజిల్-జర్మనీ సెమీఫైనల్ జూలై 9 రాత్రి 1:30కి అని పేపర్లో చూశాం. ఉద్దానంలో మా ఊళ్లో నలుగురం కుర్రాళ్లం గట్టి ప్లానే వేసుకున్నాం. 9వ తేదీ పగలంతా కరెంటు లేదు. సాయంత్రం ఓ కునుకు తీసి, రాత్రి ఒంటిగంటకి ఫ్రెండ్ వాళ్లింట్లో టీవీ ముందు చేరాం. మైదానంలోకి వచ్చింది అర్జెంటీనా, నెదర్లాండ్స్. మా మ్యాచ్ ముందురోజు రాత్రే అయిపోయింది! జర్మనీ 29 నిమిషాల్లోనే 5 గోల్స్ కొట్టి, 7-1తో బ్రెజిల్‌ని చిత్తు చేసిన మ్యాచ్ అది. దాన్ని వదిలేసి మేం చూసింది, 120 నిమిషాలు ఆడినా ఒక్క గోల్ పడని మ్యాచ్. చివరికి పెనాల్టీల్లో అర్జెంటీనా గెలిచింది. ఇంటికెళ్లేసరికి, జీడిపిక్కల పనికి బయల్దేరుతున్న అమ్మ "ఏటిరా, తెల్లారిపోతోంది, ఇంకా పడుకోలేదేటి?" అంది. ఏం చెప్పను?

పేపర్ తప్పు రాయలేదు. తప్పు మా అలవాటుది. మన పంచాంగంలో రోజు సూర్యోదయంతో మారుతుంది. అందుకే మనం "ఆదివారం రాత్రి ఒంటిగంట" అంటాం. తెల్లారేదాకా మనకి అది ఆదివారమే. గడియారానికి మాత్రం 12 దాటగానే సోమవారం. పలాస స్టేషన్లో రైలెక్కేవాళ్లకి ఇది బాగా తెలుసు. 00:20 రైలుకి టికెట్ మీద ఉన్న తేదీ రాత్రి స్టేషన్‌కి వెళితే, ఆ రైలు అప్పటికే వెళ్లిపోయి రోజు దాటి ఉంటుంది.

మ్యాచ్ పోతే హైలైట్స్ ఉంటాయి. ఉద్యోగానికి హైలైట్స్ ఉండవు. అది నాకు 2021లో తెలిసొచ్చింది. 2020లో ఇంజినీరింగ్ పూర్తయింది. కరోనా కారణంగా ఇంట్లోనే కూర్చుని అప్లికేషన్లు పెడుతున్నా. ఒక కంపెనీ నుంచి మెయిల్ వచ్చింది. మార్చి 15, సోమవారం, అమెరికా ఈస్టర్న్ టైమ్ ఉదయం 9:30కి ఆన్‌లైన్ ఇంటర్వ్యూ. న్యూయార్క్‌కీ మనకీ పదిన్నర గంటల తేడా అని నాకు బట్టీయే. రాత్రి 8కి ఇస్త్రీ చొక్కా వేసుకుని లింక్ నొక్కా. అవతల ఎవరూ లేరు. ముందురోజే అమెరికాలో గడియారాలు గంట ముందుకి జరిపారు. తేడా తొమ్మిదిన్నర గంటలైంది. నా ఇంటర్వ్యూ 7కే. క్షమించమని మెయిల్ పెట్టా. జవాబు రాలేదు.

ఆ రాత్రి ఒక సంగతి అర్థమైంది. టీవీలో మ్యాచ్ చూసినన్నాళ్లూ లెక్కంతా చానల్ వాళ్లే వేసి పెట్టారు. నేను ఒక్కసారీ వేయలేదు. ఉద్యోగాల లోకంలో మనకోసం లెక్క వేసేవాళ్లు ఉండరు.

ఆ లెక్క పెద్ద కష్టం కాదు. మనది యూటీసీకి ఐదున్నర గంటలు ముందు. 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశం దీనికి ఆధారం. దేశమంతటికీ ఒకటే టైమ్, ఏడాది పొడవునా మారదు. అమెరికాలో చాలా రాష్ట్రాల్లో మార్చి రెండో ఆదివారం గంట ముందుకి, నవంబర్ మొదటి ఆదివారం గంట వెనక్కి జరుపుతారు. న్యూయార్క్‌తో మన తేడా వేసవిలో తొమ్మిదిన్నర, చలికాలంలో పదిన్నర. లండన్‌తో వేసవిలో నాలుగున్నర, చలికాలంలో ఐదున్నర. అక్కడ మారేది మార్చి, అక్టోబర్ చివరి ఆదివారాల్లో. మనవాళ్లు పనికెళ్లే గల్ఫ్‌లో ఈ మార్పు లేదు. దుబాయ్ మనకంటే గంటన్నర వెనక, ఖతార్ రెండున్నర గంటలు వెనక.

ఈ ప్రపంచకప్‌నే ప్రాక్టీసుగా వాడుకోండి. మెక్సికో 2022లో గడియారం మార్చే పద్ధతిని ఎత్తేసింది. అందుకే వేసవిలో డల్లాస్‌లో మధ్యాహ్నం 3 అంటే మనకి రాత్రి 1:30. మెక్సికో సిటీలో అదే 3 అంటే మనకి 2:30. రోజుకో మ్యాచ్ తీసుకుని, స్థానిక సమయం నుంచి మన టైమూ తేదీ మీరే కట్టండి. ఆ తర్వాతే ఫోన్లో సరిచూసుకోండి. పది రోజుల్లో చేయి తిరుగుతుంది. ఇంటర్వ్యూ మెయిల్ వస్తే, "భారత కాలమానం ప్రకారం ఫలానా తేదీ, ఫలానా వారం, ఇన్ని గంటలకి సిద్ధంగా ఉంటాను, సరేనా?" అని వెంటనే ఒక్క వాక్యం జవాబివ్వండి. అడిగితే చిన్నతనమేం లేదు. నేను అడిగి ఉంటే ఆ రోజు 7కే కూర్చునేవాణ్ని.

ఇంకో మాట. రాత్రి మేలుకోవడం సరదాగా ఉంటుంది, అది మన ఇష్టమైనప్పుడు. అమెరికా షిఫ్టు ఉద్యోగమంటే ఏ గోలూ లేని జాగారం, వారానికి ఐదు రోజులు. తర్వాత వచ్చిన ఉద్యోగంలో నేనూ రెండేళ్లు చేశా. జీతం వచ్చింది, పని నేర్చుకున్నా. కానీ పగటి నిద్ర రాత్రి నిద్రకి సాటి రాదు. చేయొద్దని చెప్పను, మనలో చాలామందికి తొలి అవకాశం అదే. చేరేముందు మాత్రం అడగండి. షిఫ్టు ఎన్నింటికి ముగుస్తుంది? ఎన్నాళ్లకి మారుతుంది? అదనంగా ఎంతిస్తారు? రాత్రి ఇంటికి క్యాబ్ ఉందా? సంక్రాంతికి సెలవా, లేక వాళ్ల పండగలకా?

ఈ 39 రోజులు ఆ విషయంలోనూ పరీక్షే. వరసగా మూడు రాత్రులు మేలుకుని, మర్నాడు ఉదయం ఒక మాక్ టెస్ట్ రాసి చూడండి. మార్కులు ఎంత తగ్గాయో మీ ఒళ్లే చెబుతుంది. అసలు పరీక్షో, ఇంటర్వ్యూనో ఉన్న ముందురోజు మాత్రం టీవీ కట్టేయండి. అన్ని మ్యాచ్‌లూ చూడక్కర్లేదు. నచ్చిన పది ఎంచుకుని హాయిగా చూడండి.

ఫైనల్ న్యూజెర్సీలో, జూలై 19 ఆదివారం, అక్కడి టైమ్ మధ్యాహ్నం 3కి. మనకి ఏ తేదీ, ఎన్నింటికి? ఏ రాత్రి మేలుకోవాలి? జవాబు నేను చెప్పను. లెక్క పైనే ఉంది.